పిల్లలు ఆఫీసుకు వెళ్ళాక మేమిద్దరమే న్యూయార్క్ సబ్‌వేలో తిరగగలమా?

మీరు అడిగింది ఇది: వచ్చే నెల మీరూ మీ శ్రీమతీ హైదరాబాద్ నుంచి జెర్సీ సిటీలోని అమ్మాయి ఇంటికి వస్తున్నారు. ఇల్లు జర్నల్ స్క్వేర్ దగ్గర. అమ్మాయి, అల్లుడు పొద్దున్నే పనికి వెళ్ళిపోతారు. పగటిపూట మీరిద్దరే న్యూయార్క్ వెళ్ళి చూసి రావాలని కోరిక. సబ్‌వే, అంటే అక్కడి మెట్రో రైళ్ళ, పటం తెరిచి చూస్తే కళ్ళు తిరిగాయి. దారి ఎవరినైనా అడగాలన్నా జంకు. పైగా ‘మేం లేకుండా అందులోకి దిగొద్దు’ అని పిల్లల హెచ్చరిక. 63 ఏళ్ళ వయసులో ఈ సాహసం చేయవచ్చా, మానుకోవాలా?

చేయవచ్చు. తప్పకుండా వెళ్ళండి. అయితే సబ్‌వే మొత్తాన్నీ నేర్చుకోవాలని చూడకండి. ఆ రోజు వెళ్ళే ఒక్క దారినే నేర్చుకోండి. ఒక చీటీ మీద నాలుగు సంగతులు రాసుకుంటే చాలు: ఏ రైలు ఎక్కాలి, అది ఎటు వెళ్ళేది కావాలి, దిగాల్సిన స్టేషనుకు ముందు వచ్చే స్టేషను ఏది, దిగాల్సిన స్టేషను పూర్తి పేరు ఏమిటి. ఈ నాలుగూ చేతిలో ఉంటే ఆ పటాన్ని మీరు తెరవనక్కర లేదు.

నేను 19 ఏళ్ళుగా న్యూయార్క్‌లో క్వీన్స్ అనే భాగంలో ఉంటున్నాను. నగరం నడిబొడ్డు మన్‌హాటన్‌లో ఉద్యోగం, రోజూ సబ్‌వేలోనే రాకపోకలు. మా అమ్మానాన్నలు, అత్తమామలు, స్నేహితుల తల్లిదండ్రులు ఇలా ఎవరు వచ్చినా మొదటి రోజు వెంట ఉండి తిప్పడం, రెండో రోజు నుంచి వాళ్ళంతట వాళ్ళను పంపడం నాకు అలవాటైపోయింది. అందరూ తికమకపడేది దాదాపు అవే నాలుగైదు చోట్ల. ఆ చోట్లు ముందే తెలిస్తే సగం భయం పోతుంది. అవే చెబుతాను.

మొదట ఒక మాట. మీరు హైదరాబాద్ మెట్రోలో తిరిగే ఉంటారు. ఆ అలవాటు ఇక్కడ కొంత సాయం చేస్తుంది, చాలా చోట్ల తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ మూడు మార్గాలు, మూడు రంగులు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళే ఎర్ర మార్గంలో ఏ రైలు ఎక్కినా ప్రతి స్టేషనులోనూ ఆగుతుంది. అమీర్‌పేట అంటే ఊరంతటికీ ఒక్కటే అమీర్‌పేట. దిగాక మళ్ళీ కార్డు తాకిస్తేనే గేటు తెరుచుకుంటుంది. న్యూయార్క్‌లో వీటిలో ఒక్కటీ నిజం కాదు. ఒకే రంగులో మూడు నాలుగు రైళ్ళు తిరుగుతాయి. ఒకే పట్టాల మీద వేర్వేరు చోట్లకు వెళ్ళే బండ్లు వస్తాయి. కొన్ని అన్ని స్టేషన్లలో ఆగుతాయి, కొన్ని ఆగవు. ఒకే పేరుతో అయిదారు స్టేషన్లు ఉంటాయి. బయటికి వచ్చేటప్పుడు కార్డు అక్కర లేదు.

ఎందుకిలా ఉందో తెలిస్తే కోపం తగ్గి ఓపిక వస్తుంది. ఈ సబ్‌వే ఒక పథకం ప్రకారం ఒకేసారి కట్టింది కాదు. 1904 అక్టోబరులో మొదటి మార్గం మొదలైంది. తరవాత రెండు ప్రైవేటు సంస్థలు పోటాపోటీగా తవ్వుకుంటూ పోయాయి. 1932లో నగర ప్రభుత్వం తానే మూడో వ్యవస్థను మొదలుపెట్టింది. 1940లో నగరం ఆ రెండు ప్రైవేటు వ్యవస్థలనూ కొనేసి మూడింటినీ కలిపింది. ఈ రోజుకీ ఆ అతుకులు కనిపిస్తాయి. 1 నుంచి 7 దాకా అంకెలున్న రైళ్ళు ఆ మొదటి సంస్థ సొరంగాల్లో నడిచేవి, వాటి పెట్టెలు కొంచెం ఇరుకు. అక్షరాలున్నవి మిగతా రెండింటి మార్గాల్లోవి, పెట్టెలు వెడల్పు. ఎవరి మార్గానికి వాళ్ళు 23వ వీధి కింద ఒక స్టేషను కట్టుకుని ‘23వ వీధి’ అని పేరు పెట్టుకున్నారు. అలా ఒక్క మన్‌హాటన్‌లోనే 23వ వీధి పేరుతో అయిదు సబ్‌వే స్టేషన్లున్నాయి. జెర్సీ సిటీ నుంచి మన్‌హాటన్‌కు మీరు ఎక్కి వచ్చే పాత్ అనే వేరే రైలుకూ ఇంకో 23వ వీధి ఉంది. మొత్తం 472 స్టేషన్లు. పటం చూసి కళ్ళు తిరగడం మీ వయసు వల్ల కాదు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు కూడా తమకు కొత్త పేటకు వెళ్ళేటప్పుడు బోర్డు ముందు నిలబడి చదువుకుంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక్క ప్రయాణం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూపిస్తే మిగతావన్నీ దాన్ని బట్టే అర్థమవుతాయి. కొలంబియా విశ్వవిద్యాలయం అనుకుందాం. అంబేడ్కర్ 1913లో వచ్చి చదువుకున్నది అక్కడే. అక్కడి లేమన్ గ్రంథాలయంలో ఆయన విగ్రహం ఉంది. మా నాన్నగారు అమెరికా వచ్చినప్పుడు స్వేచ్ఛా ప్రతిమ కన్నా ముందు చూడాలని అడిగింది దాన్నే.

కొలంబియా ఉన్నది 116వ వీధిలో. ఇక్కడే మొదటి గుంట. 116వ వీధి అనే స్టేషను 1 రైలుకు ఉంది, 2, 3 రైళ్ళకు ఉంది, బి, సి రైళ్ళకు ఉంది, 6 రైలుకూ ఉంది. నాలుగూ నాలుగు చోట్ల. విశ్వవిద్యాలయం ముందు ఆగేది 1 రైలు మాత్రమే. 1, 2, 3 మూడూ బోర్డు మీద ఎరుపు రంగులోనే ఉంటాయి, చాలా దూరం ఒకే సొరంగంలో పక్కపక్కన నడుస్తాయి. 96వ వీధి దాటాక 2, 3 కుడివైపుకు విడిపోయి హార్లెమ్ లోపలికి వెళ్ళిపోతాయి. వాటిలో కూర్చున్నవారికి లోపల ఏ తేడా తెలియదు. ‘116వ వీధి’ అన్న బోర్డు చూసి సంతోషంగా దిగుతారు. పైకి వస్తే కొలంబియా ఉండదు. మధ్యలో మార్నింగ్‌సైడ్ పార్కు, దానిలో నిటారుగా లేచిన గుట్ట, గుట్ట ఎక్కితే ఆవల విశ్వవిద్యాలయం. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఆ మెట్లు ఎంత శిక్షో నేను కళ్ళారా చూశాను.

అందుకే చీటీలో స్టేషను పేరును సగం రాసుకుని వదలకూడదు. ఆ ప్రయాణానికి నేను మా వాళ్ళకు రాసి ఇచ్చే చీటీ ఇలా ఉంటుంది:

పాత్ రైలు: జర్నల్ స్క్వేర్ నుంచి 33వ వీధి. అదే చివరి స్టేషను.
పైకి వచ్చి 7వ అవెన్యూ వైపు ఒక బ్లాకు నడక. 34వ వీధి – పెన్ స్టేషన్.
1 రైలు. అప్‌టౌన్. చివరి స్టేషను వాన్ కోర్ట్‌లాండ్ పార్క్ – 242వ వీధి.
ముందు వచ్చేది: కెథీడ్రల్ పార్క్‌వే – 110వ వీధి.
దిగాల్సింది: 116వ వీధి – కొలంబియా యూనివర్సిటీ. ఎక్కాక పదకొండోది.

అప్‌టౌన్, డౌన్‌టౌన్ అంటే ఏ వైపో తరవాత చెబుతాను. ఈ చీటీని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోండి. బోర్డు మీది అక్షరాలకూ చీటీలోని అక్షరాలకూ పోల్చుకోవడానికి వీలుంటుంది, ఎవరినైనా అడగాల్సి వస్తే మాట్లాడకుండా చూపించవచ్చు కూడా. వెనక వైపు తిరుగు ప్రయాణం రాసుకోండి. దారి తప్పినవారిలో ఎక్కువ మంది తిరిగి వచ్చేటప్పుడే తప్పారు. వెళ్ళేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని వెళతాం. వచ్చేటప్పుడు అలసట, ఆకలి, వచ్చిన దారే కదా అన్న ధీమా. తిరుగు ప్రయాణంలో అదే 1 రైలు డౌన్‌టౌన్, చివరి స్టేషను సౌత్ ఫెర్రీ. 33వ వీధి పాత్ స్టేషనులో జర్నల్ స్క్వేర్ బండీ హొబోకెన్ బండీ రెండూ బయలుదేరతాయి. బండి మీద పేరు చదివాకే ఎక్కండి.

ముందు స్టేషను పేరు ఎందుకంటారా? దిగాల్సిన చోటు వచ్చాక లేచి తలుపు దగ్గరికి వెళ్ళేలోపు తలుపులు మూసుకుపోవచ్చు. ముందు స్టేషను పేరు వినపడగానే లేచి నిలబడితే కంగారు ఉండదు. పైగా అనుకున్న ముందు స్టేషను రాలేదంటే మనం వేరే బండిలో ఉన్నామని గమ్యం దాటకముందే తెలిసిపోతుంది.

రంగును నమ్మకండి. అంకెనో అక్షరాన్నో నమ్మండి. రంగు చెప్పేది మన్‌హాటన్ మధ్యలో ఆ రైలు ఏ అవెన్యూ కింద నడుస్తుందన్న సంగతి ఒక్కటే. ఎరుపంటే 7వ అవెన్యూ, ఆకుపచ్చంటే లెక్సింగ్టన్ అవెన్యూ, నీలమంటే 8వ అవెన్యూ, నారింజ రంగంటే 6వ అవెన్యూ, పసుపంటే బ్రాడ్‌వే. ఆ అవెన్యూ దాటాక ఎవరి దారి వారిదే. ఇక్కడివాళ్ళెవరూ ‘ఎర్ర రైలు ఎక్కండి’ అని చెప్పరు. మీరు ‘రెడ్ లైన్’ అని అడిగితే ఎదుటివారికి అర్థం కాదు. ‘1 రైలు’, ‘బి రైలు’ అని అడగాలి.

రంగుతో పాటే వచ్చే చిక్కు ఎక్స్‌ప్రెస్, లోకల్. మన ప్యాసింజరు బండి ప్రతి ఊళ్ళో ఆగినట్టు లోకల్ ప్రతి స్టేషనులో ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్ పెద్ద స్టేషన్లలోనే ఆగుతుంది. తేడా ఏమిటంటే మన ఊళ్ళో ఎక్స్‌ప్రెస్‌కు వేరే టికెట్టు, వేరే పేరు, వేరే వేళ. ఇక్కడ రెండూ నిమిషం తేడాతో ఒకే ప్లాట్‌ఫాం మీదికి వస్తాయి, టికెట్టు ఒకటే. 2025కు ముందటి పటాల్లో తెల్ల చుక్క ఉంటే అక్కడ రెండూ ఆగుతాయని, నల్ల చుక్క ఉంటే లోకల్ ఒక్కటే ఆగుతుందని గుర్తు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ప్రకృతి చరిత్ర మ్యూజియం. డైనోసార్ల అస్థిపంజరాలు ఉండేది అక్కడే. మనవలు ఉంటే మీరు తప్పకుండా వెళతారు. దాని స్టేషను 81వ వీధి. 33వ వీధి పాత్ స్టేషను పక్కనే ఉన్న హెరాల్డ్ స్క్వేర్‌లో బి ఎక్కితే నేరుగా దిగుతారు. అదే ప్లాట్‌ఫాం మీదికి డి కూడా వస్తుంది, అదీ నారింజ రంగే. 59వ వీధి దాకా రెండూ ఒకే దారి. ఆ తరవాత బి ఒక్కొక్క స్టేషనులో ఆగుతూ పోతుంది. డి మాత్రం 59లో తలుపు మూస్తే మళ్ళీ తీసేది 125వ వీధిలోనే. ఆ మధ్య ఆగకుండా పోయే దూరం మూడు మైళ్ళకు పైనే. 81వ వీధి స్టేషను కిటికీలోంచి మీ కళ్ళ ముందే వెళ్ళిపోతుంది. నీలం రంగు ఎ రైలు కూడా ఇంతే, 59 నుంచి 125. ఇంకొకటి, బి శని, ఆదివారాల్లో నడవదు. ఆ రోజుల్లో డి ఎక్కి 59వ వీధిలో దిగి సి అందుకోవాలి.

పొరపాటున అలా వెళ్ళిపోయారే అనుకోండి, ఏమవుతుంది? ఏమీ కాదు. మీ శ్రీమతికి ముందే చెప్పి ఉంచండి. 125లో దిగండి, స్టేషను బయటికి వెళ్ళకండి, మెట్లెక్కి డౌన్‌టౌన్ వైపు ప్లాట్‌ఫాంకు రండి, లోకల్ ఎక్కండి. కోల్పోయేది ఇరవై నిమిషాలు, డబ్బు కూడా కాదు. గేటు దాటి బయటికి రానంత వరకు మీరు ఎన్ని రైళ్ళు మారినా ఒక్కటే టికెట్టు. ఈ ఒక్క మాట అర్థమయ్యాక మా అత్తగారి ముఖంలో భయం పోవడం నేను చూశాను. దారి తప్పడమంటే ఆవిడ దృష్టిలో అప్పటిదాకా పోలీసులు, జరిమానా, తెలియని చోట చీకటి పడటం. నిజానికి అది వెనక్కి వచ్చే ఒక రైలు, అంతే.

దిశ గురించి. అప్‌టౌన్ అంటే వీధుల అంకెలు పెరిగే వైపు, డౌన్‌టౌన్ అంటే తగ్గే వైపు. ఇది మన్‌హాటన్‌లో బాగా పనిచేస్తుంది. ఉన్న వీధి అంకె కన్నా వెళ్ళే వీధి అంకె పెద్దదైతే అప్‌టౌన్. మీరు 34లో ఉండి 116కు వెళ్ళాలి కనక అప్‌టౌన్. బ్రూక్లిన్, క్వీన్స్ వెళ్ళేటప్పుడు ఈ లెక్క పనికిరాదు, అప్పుడు చివరి స్టేషను పేరే ఆధారం. అందుకే చీటీలో రెండూ రాయమన్నాను.

ఇక్కడ కొత్తవారు డబ్బు పోగొట్టుకునే చోటు ఒకటుంది. చిన్న లోకల్ స్టేషన్లు చాలావాటికి రోడ్డుకు ఆ పక్కన ఒక ద్వారం, ఈ పక్కన ఒక ద్వారం. ఒకటి అప్‌టౌన్‌కు మాత్రమే, రెండోది డౌన్‌టౌన్‌కు మాత్రమే. లోపల ఒక వైపు నుంచి రెండో వైపుకు దారి ఉండదు. మెట్ల మీది బోర్డులో రాసే ఉంటుంది, కానీ హడావిడిలో చదవం. కార్డు తాకించి లోపలికి వెళ్ళాక ఎదురుగా, పట్టాలకు ఆవల, మీ రైలు వచ్చి పోతుంటుంది. మెట్లు దిగే ముందు ఒక్క క్షణం ఆగి తలెత్తి బోర్డు చదవండి. అప్పటికే లోపలికి వెళ్ళిపోతే బయటికి వచ్చి మళ్ళీ చెల్లించనక్కర లేదు. వచ్చిన రైలే ఎక్కి, రెండు వైపులా కలిసే పెద్ద స్టేషను దాకా వెళ్ళి అక్కడ మారండి. 6 రైలు మీద అయితే గ్రాండ్ సెంట్రల్ అలాంటిది, 1 మీద టైమ్స్ స్క్వేర్.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇద్దరూ విడిపోతే ఏం చేయాలో ఇంట్లోనే మాట్లాడుకోండి. 2015లో మా అమ్మానాన్నలకు జరిగింది చెబుతాను. ఆ రోజు కొలంబియాకే వెళుతున్నారు. టైమ్స్ స్క్వేర్‌లో సాయంత్రపు రద్దీ. 1 రైలు వచ్చింది. అమ్మ ఎక్కింది. దిగేవాళ్ళు అడ్డుపడి నాన్నగారు ఒక్క అడుగు వెనకబడ్డారు, తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి ఒకరినొకరు చూసుకుంటుండగానే బండి కదిలిపోయింది. అమ్మ తనంతట తానే ఆలోచించి తరవాతి స్టేషను 50వ వీధిలో దిగి అక్కడే నిలబడింది. అది సరైన పనే. నాన్నగారు కూడా తరవాతి బండి ఎక్కుదామనుకున్నారు, అదీ సరైన ఆలోచనే. కానీ అదే ప్లాట్‌ఫాం రెండో పక్కకు 2 వచ్చింది. అదీ ఎరుపే. ఎక్కేశారు. 2 రైలు 50లో ఆగదు. అమ్మ ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండగా, లోపలి పట్టాల మీద నాన్నగారి బండి ఆమెను దాటి 72వ వీధికి వెళ్ళిపోయింది.

నాన్నగారు 72లో దిగి డౌన్‌టౌన్ 1 ఎక్కి 50కి తిరిగి వచ్చారు. దిగి చూస్తే ఎదుటి ప్లాట్‌ఫాం మీద అమ్మ. మధ్యలో నాలుగు జతల పట్టాలు, ఇనుప స్తంభాలు. ఆ స్టేషనులో ఆ పక్క నుంచి ఈ పక్కకు లోపలి దారి లేదు. బండి వచ్చినప్పుడల్లా ఒకరికొకరు కనపడకుండా పోతున్నారు. అమ్మ చేతిసంచి గుండెకు హత్తుకుని ఆయన్నే చూస్తూ నిలబడిందట. ఆయన ‘కదలొద్దు, నేనే వస్తున్నాను’ అని చేయి ఊపుతూ సైగ చేసి, పైకి వెళ్ళి, బ్రాడ్‌వే దాటి, అవతలి ద్వారంలో మళ్ళీ టికెట్టు పెట్టుకుని లోపలికి వచ్చారు. అంతా కలిపి నలభై నిమిషాలు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చాక అమ్మ ఈ సంగతి చెబుతూ కళ్ళు తుడుచుకుంది. ముందుగా ఒక్క మాట చెప్పి పంపనందుకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ఎవరు వచ్చినా చెప్పే నియమం ఇది. రైలులో ఉండిపోయినవారు తరవాత ఆగిన స్టేషనులో దిగి, దిగిన చోటే నిలబడాలి. ప్లాట్‌ఫాం మీద మిగిలినవారు అదే అంకె లేదా అదే అక్షరం ఉన్న బండి వచ్చేదాకా ఆగి, దాన్నే ఎక్కాలి. ఎన్ని బండ్లు పోయినా సరే, వేరే అంకె ఎక్కకూడదు. ఇద్దరి దగ్గరా వేర్వేరుగా చీటీ, వేర్వేరుగా కార్డు, వేర్వేరుగా ఫోను ఉండాలి. ఆయన దగ్గరుంటే నా దగ్గరున్నట్టే అనుకునే అలవాటు మన ఇళ్ళలో ఉంది. సబ్‌వేలో అది పనికిరాదు. స్టేషన్లలో ఇప్పుడు ఫోను సంకేతం అందుతుంది, కానీ సొరంగాల్లో చాలా చోట్ల పోతుంది. దారి చూపే యాప్‌లో నీలి చుక్క నేల కింద నిలకడగా ఉండదు. కనక ఇంట్లోనే దారిని ఫొటోగా తీసి పెట్టుకోండి.

అడగడానికి జంకుగా ఉందన్నారు. అడగాల్సిన మనిషి ఎవరో తెలిస్తే జంకు తగ్గుతుంది. ప్లాట్‌ఫాం సుమారు మధ్యలో తల పైన నలుపు తెలుపు చారలున్న ఒక పలక వేలాడుతుంది. దాని కింద నిలబడండి. రైలు ఆగినప్పుడు కండక్టరు కిటికీ సరిగ్గా ఆ పలకకు ఎదురుగా వస్తుంది. కండక్టరు కిటికీ తెరిచి ఆ పలక వైపు వేలు చూపిస్తారు. బండి మొత్తం ప్లాట్‌ఫాం మీదికి వచ్చిందని రూఢి చేసుకున్నాకే తలుపులు తీయాలన్నది నియమం, ఆ వేలు దానికి గుర్తు. ఆ తరవాత ఉన్న కొన్ని క్షణాల్లో మీ చీటీ చూపించి ‘కొలంబియా?’ అంటే చాలు. తల ఊపుతారు, లేదా పక్క ప్లాట్‌ఫాం చూపిస్తారు. ఆ పెట్టెలోనే ఎక్కి కూర్చుంటే ఇంకా ధైర్యం. రద్దీ వేళ బండి నిండా జనం ఉండి ఒక్క పెట్టె మాత్రం ఖాళీగా కనిపిస్తే దాంట్లోకి వెళ్ళకండి. లోపల ఏసీ పాడైందో, భరించలేని వాసన ఉందో అయి ఉంటుంది.

పైకి వచ్చాక దిక్కు తెలియకపోవడం ఇంకో బాధ. నేల కింద రెండు మలుపులు తిరిగి మెట్లెక్కితే తూర్పేదో పడమరేదో ఎవరికీ తెలియదు. నేను ఇప్పటికీ వాడే ఉపాయం చెబుతాను. మన్‌హాటన్‌లో అంకెల వీధులు చాలావరకు ఒకవైపు వాహనాలవే. సరి అంకె వీధిలో బండ్లు తూర్పుకు పోతాయి, బేసి అంకె వీధిలో పడమరకు. 14, 34, 42 లాంటి పెద్ద వీధుల్లో రెండు వైపులా తిరుగుతాయి కనక అక్కడ ఈ లెక్క చెల్లదు. మూల మీది బోర్డులో వీధి అంకె చూసి, కార్లు ఎటు పోతున్నాయో చూస్తే తూర్పు తెలిసిపోతుంది. అదీ కుదరకపోతే ఒక బ్లాకు నడవండి. అంకె పెరిగితే మీరు ఉత్తరానికి, తగ్గితే దక్షిణానికి వెళుతున్నట్టు.

శని, ఆదివారాలు, రాత్రి పొద్దుపోయాక నేను చెప్పినవన్నీ తలకిందులు కావచ్చు. ఈ సబ్‌వే ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, మూసి మరమ్మతు చేసే వేళ అంటూ లేదు. అందుకని వారాంతాల్లో ఒక పట్టా ఆపి పని చేస్తారు. ఎక్స్‌ప్రెస్ లోకల్ అయిపోతుంది, ఒక రైలు ఇంకో రైలు దారిలో వెళుతుంది, కొన్ని స్టేషన్లు దాటేస్తుంది. స్టేషను గోడల మీద కాగితాలు అంటిస్తారు కానీ కొత్తవారికి అవి అంతుపట్టవు. మీరు మొదటి నాలుగైదు ప్రయాణాలు పనిదినాల్లో, పొద్దున పదింటికి బయలుదేరి మధ్యాహ్నం మూడున్నరకల్లా తిరుగు రైలు ఎక్కేలా పెట్టుకోండి. వారాంతం పిల్లలతో వెళ్ళండి.

డబ్బు సంగతి తేలిక. 2026 జనవరి నుంచి ఒక ప్రయాణానికి మూడు డాలర్లు, ఎంత దూరమైనా అంతే. పాత పసుపు రంగు మెట్రోకార్డుల అమ్మకం 2025 చివరితో ఆగిపోయింది. ఇప్పుడు తాకించి చెల్లించే బ్యాంకు కార్డు గాని, స్టేషను యంత్రంలో దొరికే ఆమ్నీ కార్డు గాని వాడాలి. మన దేశపు బ్యాంకు కార్డుతో విదేశీ రుసుములు పడతాయి కనక ఆమ్నీ కార్డు రెండు కొనుక్కోండి, ఒక్కొక్కరికి ఒకటి. ఒకే కార్డును ఏడు రోజులు వాడితే 35 డాలర్లు దాటాక మిగతా ప్రయాణాలకు తీసుకోరు. పాత్ రైలు మాత్రం వేరే సంస్థది, దాని ఛార్జీ వేరు. పాత్ నుంచి సబ్‌వేకు మారితే మళ్ళీ చెల్లించాల్సిందే. ఇద్దరికీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయలేదు. చాలా స్టేషన్లలో లిఫ్టు లేదు. ఇబ్బంది ఉంటే పటంలో చక్రాల కుర్చీ గుర్తున్న స్టేషన్లనే ఎంచుకోమని అమ్మాయికి చెప్పండి.

మొదటి ప్రయాణం ఎటు అంటే, కొలంబియా కాదు, ఫ్లషింగ్ వినాయకుడి గుడి. 1977లో ప్రతిష్ఠ జరిగిన గుడి అది. దారి కూడా కొత్తవారి కోసమే వేసినట్టు ఉంటుంది. పాత్‌లో చివరి స్టేషను 33వ వీధి. పక్కనే హెరాల్డ్ స్క్వేర్‌లో అప్‌టౌన్ వైపు పసుపు రంగు రైలు ఏది వచ్చినా ఎక్కండి, నేను రంగును నమ్మమని చెప్పే చోటు ఇదొక్కటే. ఒకే ఒక్క స్టేషను, టైమ్స్ స్క్వేర్‌లో దిగి 7 రైలు గుర్తు పట్టుకుని నడవండి. ఫ్లషింగ్ – మెయిన్ స్ట్రీట్ అని ఉన్న బండి ఎక్కండి. అదే చివరి స్టేషను, దాటిపోయే భయం లేదు. 7 గుర్తు వృత్తంలో ఉంటే లోకల్, వజ్రం ఆకారంలో ఉంటే ఎక్స్‌ప్రెస్. మీకు రెండూ ఒకటే, రెండూ చివరికి చేరేవే. తిరిగి వస్తూ జాక్సన్ హైట్స్‌లో మన సరుకుల దుకాణాలు చూడాలనుకుంటే మాత్రం లోకలే ఎక్కాలి. 74వ వీధిలో ఎక్స్‌ప్రెస్ ఆగదు.

వెళ్ళేటప్పుడు ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి. నది కింద సొరంగం దాటి, క్వీన్స్‌లో రెండు స్టేషన్లు అయ్యాక బండి ఒక్కసారిగా వెలుగులోకి వచ్చి వంతెన మీదికి ఎక్కి మలుపు తిరుగుతుంది. అక్కడ మన్‌హాటన్ మేడలన్నీ వరసగా కనిపిస్తాయి. మెయిన్ స్ట్రీట్‌లో దిగాక గుడికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాల నడక, బౌన్ స్ట్రీట్‌లో. దర్శనం అయ్యాక కింద క్యాంటీన్‌లో దోసె తిని, అక్కడి నుంచే అమ్మాయికి ఫోను చేసి ఎక్కడున్నారో చెప్పండి.